కరగని గుళికలు, దారంతో కట్టిన టమాటాలు

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక ఇల్లాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి ఊరి పేరు కూడా వదిలేస్తున్నాను. భర్త కువైట్‌లో ఎలక్ట్రీషియన్. ఇంట్లో ఈవిడ, ఏడో తరగతి చదివే కొడుకు, అత్తగారు. కిందటి వేసవిలో స్నేహితుడు ఒకరు సెలవు మీద వస్తుంటే, ఆయన అతని పెట్టెలో మూడు కిలోల ఎరువు ప్యాకెట్ పెట్టి పంపించారు. నెమ్మదిగా విడుదలయ్యే రకం, గోధుమ రంగు గుళికలు. ఒక్కసారి వేస్తే ఐదారు నెలలు మళ్లీ చూడనక్కర్లేదని ఫోనులో చెప్పారు. ప్యాకెట్ మీద 15-9-12 అని ఉందట.

నవంబరు మొదట్లో వానలు తెరిపి ఇచ్చాక, కడియం నుంచి తెచ్చిన టమాటా నారును డాబా మీద 14 పెయింటు బకెట్లలో నాటారు. ఇరవై లీటర్ల బకెట్లు. పీచు మిల్లు నుంచి తెచ్చిన కొబ్బరి పొట్టు సగం, పొలం మట్టి సగం. బకెట్‌కు గుప్పెడు గుళికలు మట్టిలో కలిపారు. మూడు వారాల తరువాత చూస్తే గుళికలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కరగలేదు కదా అని ఇంకో గుప్పెడు పైన చల్లారు. డిసెంబరు మధ్యలో చూస్తే మళ్లీ అదే తీరు. మూడో గుప్పెడు పడింది.

ఇప్పుడు మొక్కలు ఆవిడ భుజాల ఎత్తుకు వచ్చాయి. ఆకులు నలుపుకు తిరిగినంత ముదురు పచ్చగా ఉండి, అంచులు మాడి, కిందికి వంకీలు తిరిగాయి. పూత వస్తోంది, రాలిపోతోంది. నిలిచిన నాలుగైదు కాయలకూ అడుగున నల్లటి మచ్చ. బకెట్ల అంచులకు తెల్లటి పొర. పెరట్లో అంట్లు తోమే చోట దానంతట అదే మొలిచిన నాటు మొక్క మాత్రం గుత్తులు గుత్తులుగా కాస్తోంది. అత్తగారు రోజూ ఆ మొక్క వైపు చూపించి, "ఆ నత్త గుడ్లు వేసి వాటిని చంపావు. ఇంత గెత్తం వేస్తే రామములక్కాయలు కాయవా?" అంటున్నారు. గెత్తం అంటే పశువుల ఎరువు, రామములక్కాయలంటే టమాటాలు.

ఇంతవరకు తోట సంగతి. అసలు కష్టం ఉత్తరం మూడో పేజీలో ఉంది. శుక్రవారం ఆయనకు సెలవు. వీడియోలో మాట్లాడుతూ, "మన మొక్కలు చూపించు" అంటారు. మూడు వారాల కిందట ఈవిడ సంతలో కిలో టమాటాలు కొని, మంచివి మూడు ఏరి, కుట్టు దారంతో కొమ్మకు కట్టి చూపించారు. ఆయన పొంగిపోయి గదిలో ఉన్న వాళ్లందరికీ చూపించారు. మెట్ల మీద నిలబడి అత్తగారు అంతా చూశారు. అప్పుడు ఏమీ అనలేదు. రాత్రి పప్పు వడ్డిస్తూ, "కువైట్ రామములక్కాయలు వేశాను, రుచి చూడు" అన్నారట. కొడుకు సంగతి ఎత్తి, "వస్తే చెబుతా" అని కూడా అన్నారట. ఫిబ్రవరి నెలాఖరుకు ఆయన సెలవు మీద వస్తున్నారు. "మొక్కలు బతుకుతాయా? గుళికలు నిజంగా విషమా? ఆయనకు ఎలా చెప్పాలి? కోపిష్టి కాదు కానీ చిన్నబుచ్చుకుంటారు" అని ముగించారు.

అమ్మా,

ముందుగా ఒప్పుకుంటున్నాను, కుట్టు దారం దగ్గర నాకు నవ్వు వచ్చింది. ఉత్తరం పక్కన పెట్టి, నవ్వుకుని, మళ్లీ చదివాను. రెండోసారి నవ్వు రాలేదు. మూడు కాయలకు మూడు ముడులు వేస్తున్నప్పుడు మీ వేళ్లు ఎంత వణికి ఉంటాయో అనిపించింది.

గుళికల సంగతి ముందు తేల్చుకుందాం. మీ అత్తగారి పోలిక బాగుంది, అవి నత్త గుడ్లలాగే ఉంటాయి. కానీ లోపల ఉన్నది విషం కాదు, మామూలు ఎరువే. నూటికి 15 పాళ్లు నత్రజని, 9 భాస్వరం, 12 పొటాష్. ఆ గింజ చుట్టూ ప్లాస్టిక్ జాతి పలుచటి పూత ఉంటుంది. మట్టిలోని తడి ఆ పూత గుండా లోపలికి చేరి, ఎరువును కరిగించి, కొద్దికొద్దిగా బయటికి పంపిస్తుంది. కరిగేది లోపలి సరుకు. పూత కరగదు. ఎరువంతా అయిపోయాక కూడా గుళిక గుండ్రంగా, చెక్కుచెదరకుండా మట్టిలో అలాగే కనిపిస్తుంది. మీరు మూడు వారాల తరువాత చూసినవి పని చేస్తున్న గుళికలు. వాటిని పని మొదలుపెట్టనివి అనుకున్నారు. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. ఆ గుళికలు వాడిన ప్రతి ఇద్దరిలో ఒకరైనా మొదటిసారి ఇలాగే అనుకుంటారని నా అనుమానం. ఒక గుళికను గోటితో నొక్కి చూడండి. లోపల గట్టిగా తగిలితే సరుకు ఇంకా ఉన్నట్టు. నీటి చుక్క చిమ్మి, డొల్లగా అణిగిపోతే పని అయిపోయినట్టు.

ఇక లెక్క. మీ గుప్పెడు ఎంతో నాకు తెలియదు, 50 గ్రాములు అనుకుందాం. మూడు గుప్పెళ్లకు 150 గ్రాములు. ఇలాంటి ఎరువును కుండీలకు సాధారణంగా లీటరు మట్టికి 3, 4 గ్రాముల చొప్పున వేస్తారు. ఇరవై లీటర్ల బకెట్‌కు 60 నుంచి 80 గ్రాములు, అదీ మొత్తం పంటకు. అంటే మీరు ఇంచుమించు రెట్టింపు వేశారు. ఆ 150 గ్రాముల్లో ఉన్న నత్రజని 22 గ్రాములు. ఇంకోలా చెబితే దాదాపు 50 గ్రాముల యూరియా. ఒక బకెట్ మట్టికి 50 గ్రాముల యూరియా వేస్తానంటే మీరే చెయ్యి పట్టుకుని ఆపి ఉండేవారు. గుళిక రూపంలో ఉండేసరికి చెయ్యి ఆగలేదు.

ఇదే లెక్క మీ అత్తగారికి కూడా చెప్పండి. బాగా మాగిన పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. 22 గ్రాముల నత్రజని కావాలంటే నాలుగున్నర కిలోల ఎరువు కావాలి. ఆవిడ బకెట్‌కు నాలుగున్నర కిలోలు వేసే మనిషి కాదు, రెండు దోసిళ్లు వేసి ఊరుకుంటారు. అందుకే ఆవిడ చేతిలో మొక్క మాడదు. గెత్తం కూడా నెమ్మదిగా విడుదలయ్యే ఎరువే, అమ్మా. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తింటూ కాస్త కాస్త మొక్కకు వదులుతాయి. వేప పిండి, వానపాముల ఎరువు, అన్నీ ఆ దారివే. ఆవిడ అరవై ఏళ్లుగా చేస్తున్న పనినే మీ వారు ప్యాకెట్‌లో పెట్టి పంపారు. తగాదా రెండు ఎరువుల మధ్య ఉందని మీ ముగ్గురూ అనుకుంటున్నారు. నాకు కనిపిస్తున్నది కొలత లోపం ఒక్కటే.

(మీ పొలానికి తెచ్చే 45 కిలోల యూరియా బస్తా మీద వేప పూత అని ఉంటుంది. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ ఆ పూత తప్పనిసరి. అదీ నెమ్మదిగా పని చేసేదే కదా అని దాన్ని బకెట్లలో వేయకండి. వేప నూనె మట్టిలోని మార్పును కొంత ఆలస్యం చేస్తుందే కానీ, మీ గుళికల్లా నెలల తరబడి పట్టి ఉంచదు.)

మీ వారు చెప్పిన ఐదారు నెలల మాట కూడా పూర్తిగా నిజం కాదు, అలాగని అబద్ధమూ కాదు. ఇలాంటి ప్యాకెట్ల మీద గడువు సాధారణంగా మట్టి 21 డిగ్రీల దగ్గర ఉందనుకుని రాస్తారు. వేడి పెరిగితే పూత గుండా ఎరువు త్వరగా బయటపడుతుంది. మన దగ్గర డిసెంబరు పగళ్లే ముప్పై డిగ్రీలకు దగ్గరగా ఉంటాయి. డాబా మీద ఎండలో పెట్టిన ప్లాస్టిక్ బకెట్ లోపల ఇంకా ఎక్కువ. ఇప్పుడు నాలుగు నెలలు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో రెండు నెలలు కూడా రాకపోవచ్చు. మొక్కకు ఆకలి ఉందా లేదా అని గుళిక అడగదు. ఎండ ఎక్కితే పెట్టేస్తుంది.

అయితే కాయ అడుగున నల్ల మచ్చకు నింద అంతా గుళికల మీద వేయడం న్యాయం కాదు. తిలాపాపం తలా పిడికెడు. ఆ మచ్చ తెగులు కాదు. కాయ పెరుగుతున్నప్పుడు దాని చివరి దాకా సున్నపు ధాతువు, అంటే కాల్షియం, అందక కణాలు చచ్చి నల్లబడతాయి. మట్టిలో కాల్షియం లేక ఇలా కావడం తక్కువ. ఉన్నా మొక్క లాక్కోలేకపోవడం ఎక్కువ. నీళ్లు ఒక రోజు ముంచి ఒక రోజు ఎండగట్టినా, నత్రజని ఎక్కువై ఆకు విపరీతంగా పెరిగినా, మట్టిలో ఉప్పు చేరినా ఇదే జరుగుతుంది. మీ బకెట్లలో ఈ మూడూ ఉన్నాయని నా అనుమానం. పీచు మిల్లు పొట్టును కడగకుండా వాడారా? కడిగిన మాట ఉత్తరంలో లేదు. పచ్చి పొట్టులో ఉప్పు, పొటాష్ బాగా ఉంటాయి. పొటాష్ ఎక్కువైతే కాల్షియంకు దారి ఇవ్వదు. పైగా ట్యాంకులోకి ఎక్కేది బోరు నీళ్లన్నారు. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్ల రుచి మీకు నేను చెప్పాలా? ఆ తెల్లటి పొర అదే, పొట్టు ఉప్పు, నీటి ఉప్పు, ఎరువు ఉప్పు కలిసి.

పెరటి మొక్క ఎందుకు కాస్తోందంటే, దాని వేళ్లు నేలలోకి పోయాయి. రోజూ రెండు పూటలా అంట్ల నీళ్లు అందుతున్నాయి, ఎండబెట్టడం అన్నది లేదు. గెత్తం దానికి ఎవరూ వేయలేదు, గమనించారా? మీ అత్తగారి వాదనకు ఆ మొక్క సాక్ష్యం చెప్పదు. కానీ ఈ మాట ఆవిడతో అనకండి. గెలిచి ఒరిగేది ఏమీ లేదు.

ఇప్పుడు ఏం చేయవచ్చు? చేతులు కట్టుకుని ఊరుకోవడం ఒక దారి. ఇక ఎరువు వేయకుండా, నీళ్లు సరిగా పోస్తూ ఉంటే, మొక్కలు చావవు. కానీ పైన చల్లిన రెండు మోతాదులూ ఇంకా వదులుతూనే ఉంటాయి కాబట్టి ఫిబ్రవరి దాకా ఇదే ఆకుల అడవి. ఆ తరువాత పూత నిలిచే వేళకు మార్చి చివర వస్తుంది. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవదు. అంటే ఈ ఏటికి దాదాపు వదులుకున్నట్టే.

రెండోది, నాకు నచ్చినది. మొదటి గుప్పెడు మట్టిలో కలిసిపోయింది, దాన్ని తీయలేరు, తీయనక్కర్లేదు కూడా. అది సరైన మోతాదుకు కొంచెం తక్కువే. రెండోది, మూడోది పైన చల్లారు కదా, అది మీ అదృష్టం. వేళ్లు తెగకుండా పై రెండంగుళాల మట్టిని గరిటెతో తీసేయండి, గుళికలు దానితో వచ్చేస్తాయి. బదులు పొలం మట్టి, మీ అత్తగారి చేత్తో ఒక దోసెడు మాగిన గెత్తం. ఆవిడ చేత్తోనే. తరువాత బకెట్ అడుగున రంధ్రాలు పూడుకోలేదని చూసి, ఇటుకల మీదికి ఎత్తి, మంచినీళ్లు నిదానంగా పోసి ఉప్పు కడిగేయాలి. బకెట్ పరిమాణానికి రెట్టింపు నీళ్లు, అంటే 40 లీటర్లు. మీ బోరు నీళ్లతో కడిగితే ఉప్పుతో ఉప్పును కడిగినట్టే. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, కాలువలు పారుతున్న రోజులు కాబట్టి కాలువ నీళ్లు తెచ్చి, ఒండ్రు తేరనిచ్చి వాడండి. గుళికలు తీయకుండా కడిగితే మాత్రం లాభం లేదు. కడిగింది కడిగినట్టుండగానే అవి మళ్లీ నింపుతాయి.

పద్నాలుగు బకెట్లకు 560 లీటర్లు. డాబా మెట్ల మీద బిందెలు మోసేది మీరే కదా, నేను కాదు. అందుకని అన్నిటికీ చేయమనను. కాండం గట్టిగా, చిగురు ఆరోగ్యంగా ఉన్న ఐదింటిని ఎంచుకోండి. మిగిలిన వాటికి పైమట్టి తీసి వదిలేయండి. మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి బెంగపడకండి. రెండు వారాల తరువాత కొత్త చిగురు అంచులు చూడండి, తీర్పు అక్కడ ఉంటుంది. నీళ్లు రోజూ ఉదయం ఒకే లెక్కన పోసి, పైన ఎండుగడ్డి పరవండి. కోడిగుడ్డు పెంకులు వేయమని ఎవరో ఒకరు చెబుతారు. వేస్తే తప్పు లేదు, కానీ అవి కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందవు. నల్ల మచ్చ కాయలు కోసేయండి, మచ్చ మేర తీసేస్తే మిగతాది కూరకు పనికొస్తుంది.

మూడో దారి కూడా ఉంది. ఆకు కణుపుల దగ్గర వచ్చే పక్క కొమ్మలను జానెడు పొడవున తుంచి తడి మట్టిలో గుచ్చితే, వారం పది రోజుల్లో వేళ్లు వేస్తాయి. కడిగిన పొట్టుతో రెండు బకెట్లు కొత్తగా నింపి, గుళికలు లేకుండా వీటిని పెట్టండి. విత్తనం మొలక కంటే ముందుగా పూతకు వస్తాయి. కాకపోతే ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, పైకి ముడుచుకున్న మొక్క నుంచి తీయకండి. అది ఎరువు గొడవ కాదు, తెల్లదోమ తెచ్చే ముడత తెగులు. అలాంటి మొక్క ఉంటే పీకేయడమే.

ఇప్పుడు మీ ఫిబ్రవరి నెలాఖరు సంగతి. పూత నిలిచిన దగ్గర నుంచి కాయ పండడానికి ఒకటిన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. సంక్రాంతి నాటికి పిందె పడితే, ఆయన వచ్చేసరికి ఒకటి రెండు ఎర్రబడవచ్చు, మిగతావి పచ్చిగా ఉంటాయి. పడకపోతే ఏమీ ఉండవు. మాట ఇవ్వలేను. కాబట్టి ఆయనకు చెప్పే విషయాన్ని కాయలకు ముడిపెట్టకండి.

చెప్పకుండా ఆయన వచ్చేదాకా నెట్టుకురావచ్చు. అప్పటికి ఇంకా ఎనిమిది శుక్రవారాలు ఉన్నాయి. ప్రతి శుక్రవారం సంత టమాటాలు కట్టాలి, లేదా కోసేశామనాలి. కోసినవి ఏం చేశామో చెప్పాలి. పిల్లవాడి ముందు ఇదంతా జరగాలి. ఆయన విమానం దిగి డాబా ఎక్కాక బయటపడితే, అప్పుడు ఆయన చిన్నబుచ్చుకునేది ఎరువు పాడైనందుకు కాదు, గదిలో వాళ్లందరికీ తాను చూపించినందుకు. ఆ తేడా మీకు తెలుసు, అందుకే ఉత్తరం రాశారు.

అత్తగారి చేత చెప్పించవచ్చు. ఆవిడ చెబితే నత్త గుడ్ల దగ్గర మొదలుపెట్టి దారం దగ్గర ముగిస్తారు. కథ బాగుంటుంది, మీరు బాగుండరు. అయినా ఆవిడ గురించి ఒక మాట. మూడు వారాలుగా, మూడు శుక్రవారాలు, కొడుకు ఎదురుగా ఉన్నాడు, గుట్టు ఆవిడ నోట్లో ఉంది. చెప్పలేదు. "వస్తే చెబుతా" అన్నది బెదిరింపుగా మీకు వినిపించింది. నాకు మాత్రం ముందు నువ్వే చెప్పమని గడువు ఇచ్చినట్టు వినిపించింది. నేను పొరబడి ఉండవచ్చు, ఆవిడ గొంతు విన్నది మీరు.

లేదా ఈ శుక్రవారమే చెప్పవచ్చు. కష్టమైనది ఇదే, కానీ తరువాత మోయాల్సింది తక్కువ. ఎలా మొదలుపెట్టాలి అంటే, నేనైతే నల్ల మచ్చ కాయ ఒకటి ఫోను ముందు పెడతాను. "గుళికలు కరగలేదనుకుని మూడుసార్లు వేశానండీ. కాయలు ఇలా అయ్యాయి. ఆ రోజు మీకు చూపించినవి సంతలో కొన్నవి." మూడు వాక్యాలు. ఏడవకండి, నవ్వకండి, నాలుగో వాక్యం ఆయనకు వదిలేయండి. కాసేపు మాట్లాడకపోవచ్చు. ఫోను త్వరగా పెట్టేయవచ్చు కూడా. మరుసటి శుక్రవారం దాకా మీకు బరువుగానే ఉంటుంది, దానికి మందు నా దగ్గర లేదు.

కానీ ఒక పని ఆయనకు అప్పగించండి. ప్యాకెట్ వెనుక ఉన్న చిన్న అక్షరాలను ఫొటో తీసి పంపి, మోతాదు ఎంతో, ఏ వేడికి ఎన్ని నెలలో చదివి చెప్పమనండి. "ఒక్కసారి వేస్తే చాలు" అన్నారు కానీ ఎంత వేయాలో, గుళిక మీది పూత కరగకుండా మిగిలే ఉంటుందనీ ఆయన మీకు చెప్పలేదు. పాపం ఆయనకూ తెలిసి ఉండదు. తప్పులో ఆ కాస్త వాటా ఆయన తీసుకుంటే మీకు తేలికవుతుంది. నిందగా మాత్రం అనకండి. విమానంలో కిలో కిలో లెక్కపెట్టుకునే మనిషి మూడు కిలోల బరువు ఎరువుకు ఇచ్చారంటే, ఆ డాబా మీద తన చెయ్యి కూడా ఉండాలనుకున్నారు. చదివి చెప్పే పని ఉంటే ఆ చెయ్యి అలాగే ఉంటుంది.

మిగిలిన గుళికలను పారేయకండి. మూత గట్టి డబ్బాలో, తడి తగలకుండా ఉంచితే చెడిపోవు. వచ్చే అక్టోబరు, నవంబరులో నాటేటప్పుడు చెప్పిన మోతాదులో సగం, ఒకే ఒక్కసారి, మట్టిలో కలిపి వేయండి. మిగతా సగానికి మీ అత్తగారి గెత్తం. పైన చల్లవద్దు. తుపాను వాన వస్తే తేలిపోయి డాబా గొట్టంలో చేరతాయి. ఖాళీ పూతలు మట్టిలోనే మిగిలిపోతాయన్నది నాకు నచ్చని విషయం. అందుకే నేను వాటిని కుండీలు దాటనివ్వను, పొలానికీ పెరటికీ అసలు వద్దంటాను. నీళ్లలో ఉప్పు ఎంతో తెలుసుకోవాలంటే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, అటు వెళ్లే వాళ్ల చేత ఒక సీసా నీళ్లు పంపి అడిగించండి.

అన్నట్టు, ఆ కుట్టు దారం కొమ్మకు ఇంకా ఉంటే ఈ రోజే కత్తిరించేయండి. కొమ్మ లావవుతున్న కొద్దీ లోపలికి కోసుకుపోతుంది.